పరలోక పౌరులు, జహీరాబాదు వాస్తవ్యులు

మనుష్యుడు ఏ రాజ్యమునకు చెందినవాడు అను ప్రశ్నకు, జహీరాబాదు పరిసరములందు బుట్టి యెనుబది యేండ్లు దాటిన యొక వృద్ధుడు ఉత్తరము చెప్పవలసివచ్చిన, అది ఒక్క మాటతో ముగియునది కాదు. నిజాము ప్రభుత్వమున బీదరు జిల్లాలో నొక తాలూకాగా నుండిన ఈ ప్రాంతము, 1948 సెప్టెంబరులో ఆ ప్రభుత్వము అంతరింపగా భారతదేశమున జేరి, 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగి బీదరు మైసూరు పాలైనపుడు, నిర్ణా సర్కిలును మాత్రము అటు విడిచి తక్కిన భాగముతో ఇటు ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో గలసినది. 2014లో రాష్ట్రము తెలంగాణమైనది. 2016లో జిల్లా సంగారెడ్డియైనది. ఇల్లు కదలలేదు, బావి కదలలేదు, పొలము గట్టు కదలలేదు. ఆ వృద్ధుడు కాగితముల మీద మాత్రము మూడు రాష్ట్రములకును మూడు జిల్లాలకును చెందినవాడైనాడు.

అట్టి నేలమీద, ఆదివారపు ప్రొద్దున మెథడిస్టు చర్చిలో నైనను, బొంబాయి రహదారి ప్రక్క రేకుల కప్పు క్రింద నడచు ప్రార్థనామందిరములో నైనను, మన నిజమైన పౌరస్థితి పరలోకమందున్నదనియు, ఇచట మనము యాత్రికులము, పరదేశులము మాత్రమే యనియు బోధకుడు చెప్పుచుండగా వినువారు తల లూపుచుందురు. ఈ విశ్వాసము మిక్కిలి ప్రాచీనము. దీనిమీద వచ్చిన ఆక్షేపణయు దాదాపు అంత ప్రాచీనమే. పరలోకమునకు జెందితిమనువారు భూలోకమున దేనికి జెందుదురు? పన్నును, పొలమును, ఓటును, పొరుగువాని యాకలిని వారెట్లు చూడవలెను? ఈ ప్రశ్నకు సంఘచరిత్రమున వచ్చిన సమాధానములలో ముఖ్యమైన వానిని పరిశీలించి, అవి మన తెలుగునేలను, విశేషించి ఈ మెదకు, జహీరాబాదు సీమను జేరిన పిమ్మట ఏ రూపము దాల్చినవో చూచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మూలము అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణపు సంఘమునకు వ్రాసిన లేఖ. దానిని అర్థము చేసికొనుటకు ఆ పట్టణమెట్టిదో తెలియవలెను. మాసిదోనియా దేశమునందలి ఫిలిప్పీ, క్రీ. పూ. 42లో ఆంటొనీ, ఆక్టేవియనులు బ్రూటసు, కాసియసులను గెలిచిన యుద్ధభూమి. గెలిచినవారు తమ వృద్ధ సైనికులకు అచటనే భూములిచ్చి, దానిని రోము వలసపట్టణముగా జేసిరి. అందలి పౌరుల పేర్లు వోల్టినియా అను రోమక గణముయొక్క జాబితాలో చేర్చబడెను. వారిలో ననేకులు రోమునెన్నడును చూచియుండరు. చూడవలెనను నియమమును లేదు. వలసపట్టణము యొక్క ప్రయోజనము పౌరులను రోమునకు తిరిగి పంపుట కాదు, రోము యొక్క న్యాయమును, నడవడిని మాసిదోనియాలో నాటుట. ఇట్టి శ్రోతలతో పరలోక పౌరస్థితిని గూర్చి చెప్పినపుడు, ఈ లోకమును విడిచి త్వరగా వెడలిపోవుటకు సిద్ధపడుడను అర్థము వారి చెవులకు మొదట తోచియుండదు. అచటి ధర్మమును ఇచట జీవింపుడను అర్థమే తోచియుండును. ఈ కాలపు వ్యాఖ్యాతలలో ఇంగ్లండున బిషప్పుగా నుండిన ఎన్. టి. రైటు, 2008లో ప్రకటించిన గ్రంథమున దీనినే గట్టిగా వాదించెను. ఆ వాదము సమగ్రమని నే ననను, ఏలయన నదే లేఖలో పౌలు ఈ దేహమును విడిచి క్రీస్తుతో నుండుట మేలని ఆశపడుటయు గలదు. కాని వాదముయొక్క మొగ్గు సరియైన దిక్కునకే యున్నది.

అంతకంటె గట్టి సాక్ష్యము పౌలు నడవడిలోనే యున్నది. అదే ఫిలిప్పీలో నతడు విచారణ లేకుండ బెత్తములతో గొట్టబడి, చెరసాలలో బొండకు బిగింపబడెను. మరునాడు న్యాయాధిపతులు ఇతనిని చాటుగా విడిచిపెట్టుడని కబురంపగా, పరలోక పౌరుడు కృతజ్ఞతతో తలవంచి వెళ్లిపోవలసినది, వెళ్లలేదు. తాను రోమీయుడననియు, విచారింపకయే బహిరంగముగా గొట్టించినవారు తామే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననియు పట్టుబట్టెను. వారు భయపడి వచ్చి బ్రతిమాలిరి. తరువాత యెరూషలేములో కొరడాల వేళను, కైసరయలో విచారణ వేళను అతడు ఆ భూలోకపు పౌరసత్వమునే డాలుగా బట్టి, తుదకు కైసరు నొద్దనే చెప్పుకొందుననెను. పరలోకమును గూర్చిన ప్రసంగములలో ఈ ఘట్టములు తరచుగా వినబడవు. బోధకులు ఫిలిప్పీ లేఖ మూడవ అధ్యాయమును చదువుదురు గాని, ఆ అధ్యాయము వ్రాసిన చేయి న్యాయస్థానమున నెట్లు పైకెత్తబడెనో చెప్పరు.

పేతురు మొదటి పత్రికను గూర్చి అమెరికా పండితుడు జాన్ ఎలియట్ 1981లో చేసిన ప్రతిపాదన ఈ సందర్భమున మిక్కిలి విలువగలది. ఆ పత్రికలో పరదేశులనియు యాత్రికులనియు సంబోధింపబడినవారు పరలోకమునకు బయనమైనవారగుటచే అట్లు పిలువబడలేదనియు, చిన్న ఆసియాలో హక్కులు లేని పరవాసులుగా, భూమి కొనరానివారుగా, ఊరివారి దృష్టిలో ఊరికి చెందనివారుగా నిజముగనే యుండిరనియు, అట్టి నిరాశ్రయులకు సంఘము ఒక ఇల్లైనదనియు అతని వాదము. కొందరు పండితులు దీనిని త్రోసిపుచ్చిరి. ఏమైనను ఈ వాదము చదివినపుడు నా మనస్సు చిన్న ఆసియాకు బోలేదు. మెదకు జిల్లా పల్లెలలో ఊరికి దూరముగా నుంచబడిన గూడెములకే పోయినది.

ఆదిమ శతాబ్దములను దాటి త్వరగా నడువవచ్చును. రెండవ శతాబ్దమున దియొగ్నేతునకు లేఖ వ్రాసిన అజ్ఞాత గ్రంథకర్త, క్రైస్తవులు వేషభాషలలో అందరివంటి వారే యైనను తమ దేశముననే బాటసారులవలె బ్రదుకుచున్నారని సొగసుగా చెప్పెను. 410లో గోతులు రోమును కొల్లగొట్టిన పిదప, ఈ కీడు క్రైస్తవుల వలననే వచ్చెనన్న నిందకు ప్రత్యుత్తరముగా అగస్తీను 413లో మొదలిడి 426లో ముగించిన ఇరువదిరెండు పుస్తకముల దేవపట్టణ గ్రంథమున, రెండు పట్టణములు అంత్యదినమువరకు ఒకదానిలో నొకటి కలిసియే యుండుననియు, పరలోక పట్టణము తన యాత్రలో భూలోకపు శాంతిని వాడుకొనవలెననియు నిర్ణయించెను. లూథరు రెండు ప్రభుత్వములను విడదీసి రెంటిని దేవుని చేతిలోనే పెట్టెను. 1527లో ష్లైథైములో కూడిన అనబాప్తిస్టులు మాత్రము కత్తిని, అధికారపదవిని, ప్రమాణమును విడిచిపెట్టిరి. వారి సంతతివారగు మెన్నొనైటు బ్రదరులు పాలమూరు సీమకు వచ్చిరి గాని, అచట వారి పేరు ఆయుధనిరాకరణకంటె బడులవలనను, జడ్చర్ల ఆసుపత్రివలనను ప్రజలకు తెలిసినది.

మన ప్రాంతమునకు ఈ విశ్వాసము ప్రధానముగా మెథడిస్టుల చేతిమీదుగా వచ్చినది, అదియు రెండు పాయలుగా: మెదకు వైపు ఇంగ్లండు వెస్లియనులు, బీదరు, వికారాబాదు, జహీరాబాదుల వైపు అమెరికా మెథడిస్టులు. ఈ రెంటికిని మూలపురుషుడగు జాన్ వెస్లీ, పరలోకమునకు బోవు మార్గము తప్ప మరేమియు తెలిసికొన గోరనని తన ప్రసంగముల పీఠికలో వ్రాసికొన్నవాడు. అదే వెస్లీ 1791 ఫిబ్రవరిలో, మరణమునకు దినములు మాత్రము మిగిలినపుడు వ్రాసిన తుదిలేఖ విల్బర్ఫోర్సునకు, బానిసల వ్యాపారమును నిర్మూలింప పూనుకొనిన కార్యమును విడువవలదని ప్రోత్సహించుచు వ్రాసినది. పరలోకమే లక్ష్యమైనవాని తుది సిరా బానిసల సంకెలల నిమిత్తము ఖర్చైనది. శిష్యులందరు ఈ వారసత్వమును సమముగా పంచుకొనలేదు.

మెదకు చర్చిని చూచినవారికి ఆ రెండు ముఖములును ఒకచోటనే కనబడును. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పూనికతో పదేండ్లు కట్టబడి, 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయపు గోపురము 175 అడుగులు. కరవు రోజులలో ఆకలిగొన్న పల్లెజనులకు దాని పనియే కూడు పెట్టినది. లోపల బలిపీఠమునకు పైగా, ఫ్రాంక్ సాలిస్బరీ చిత్రించిన రంగుటద్దపు కిటికీలో క్రీస్తు ఆరోహణమగుచుండును. ఆ గోడను లేపినవారు రాళ్లు మోసి యన్నము తినిరి; వారి మనుమలు ఆ అద్దమువైపు చూచి మోకరించుచున్నారు. పరలోకమును చూపుటకై కట్టిన కట్టడము ముందుగా కూలిగింజల లెక్కగా భూమిమీద నిలిచినదని నేననుకొందును.

ఇక ఈ బోధను విని చేరినవారెవరు? మెదకు, బీదరు సీమలలో నెక్కువమంది మాదిగ, మాల కుటుంబములవారు. వెట్టికిని జీతమునకును బద్ధులైన వారికి ఊరిలో బావి లేదు, గుడి లేదు, పహాణీలో పేరు లేదు. జీతగాని పేరు వ్రాతలో నుండినచో, అది దొర ఇంటి అప్పుపత్రము క్రింద వేలిముద్ర ప్రక్కన మాత్రమే. అట్టివానికి బాప్తిస్మమిచ్చి, అతని పేరును సంఘపు పుస్తకమున వ్రాసి, ఈ పేరు జీవగ్రంథమునను వ్రాయబడియున్నదని అయ్యగారు చెప్పినపుడు, అది విరక్తిబోధ కాదు. విడువవలసిన లోకమొకటి యుండినవానికి కదా వైరాగ్యము! ఏ లోకమునను చోటులేనివాని చేతికి ఇది తొలి పట్టా. ఇచటనే ఈ విశ్వాసమును గూర్చి గ్రంథములలో జరుగు వాదమంతయు సగము దారి తప్పునని నా యభిప్రాయము: పరలోకమునకు జెందుట అను మాటకు ఫలము దానిని చెప్పినవానినిబట్టి గాక, దానిని విన్నవాడు భూమిపై నెచట నిలిచియుండి వినెనో దానినిబట్టి యేర్పడుచున్నది. భూమి గలవాడు విన్నచో అది వినయమును నేర్పవచ్చును, నిర్లక్ష్యమునకు సాకును గావచ్చును. భూమి లేనివాడు విన్నచో అతని వెన్ను నిలుపును.

పల్లెలలో ఈ విశ్వాసము పుస్తకములందువలె స్వచ్ఛముగా నుండెనని తలపరాదు. మెదకు జిల్లా వడియారం పాస్టరేటులోని జంగరాయి విభాగమును ప్రత్యక్షముగా పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ గారలు 1968లో ప్రకటించిన గ్రామక్రైస్తవుల అధ్యయనము దీనికి మంచి సాక్ష్యము. యేసును ప్రభువుగా గొలుచువారే ఊరి పోచమ్మ భయమును పూర్తిగా విడువలేదనియు, ఊరి పండుగలయందు, ఊరి కట్టుబాట్లయందు పాలుగొనుచునే యుండిరనియు అది చూపినది. దానిని చదివి దుఃఖించిన మిషనరీలుందురు. నాకు మాత్రము ఆ జనులు రెండు పౌరసత్వములను ఒకే భుజముమీద మోయుచున్నవారుగా కనబడిరి. ఊరు వారిని పూర్తిగా జేర్చుకొనలేదు గనుక వారును ఊరిని పూర్తిగా విడువలేకపోయిరి.

ఈ సీమకు పొరుగుననే మరియొక సమాధానము పుట్టియుండుట గమనింపదగినది. బీదరు జిల్లాలోని బసవకల్యాణము పండ్రెండవ శతాబ్దపు శరణుల నగరము. శివభక్తుడు కైలాసమును మరణానంతరమునకు వాయిదా వేయక తన చేతిపనిలోనే దర్శింపవలెనని బసవేశ్వరుని మార్గము. ఝరాసంగము కేతకీ సంగమేశ్వరుని గుడికి బోవు జనులలో నేటికిని ఆ సంప్రదాయమువారు అనేకులు. చెప్పులు కుట్టు పనిని కైలాసముగా భావించిన శరణుల సిద్ధాంతమును, చెప్పులు కుట్టు కులమువానికి పరలోక పౌరసత్వమునిచ్చిన మిషను బోధయు ఒకే మట్టిమీద ఎదురెదురుగా నిలిచియు, ఒకదానితో నొకటి యెన్నడును తీరికగా మాటలాడుకొనకపోవుట మన పండితుల లోపము.

తెలుగు క్రైస్తవునకు ఈ సిద్ధాంతము ప్రసంగములకంటె పాటలవలననే ఎక్కువగా వచ్చినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి రచనలతో నిండిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో దేహము నిత్యము కాదను బోధ, మన తత్త్వములు పాడు బైరాగుల గొంతుకతోనే రాగతాళములలో వినబడును. జాన్ బనియను గ్రంథమగు యాత్రికుని ప్రయాణమును ఇంగ్లండునుండి వచ్చి ఆ గొంతుకతో సులభముగా కలిసిపోయినది. సమాధిరాతిమీద ప్రభువునందు నిద్రించెనని చెక్కుట, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు బోయి, సున్నము వేసిన గోరీలపై పూలుంచి క్రొవ్వొత్తులు వెలిగించి పాడుట, ఇవి వేదాంతము నెరుగని ముసలమ్మకును తెలిసిన పరలోకశాస్త్రము.

వికారాబాదు దాపున ధారూరులో ఏటేట నవంబరునందు జరుగు మెథడిస్టు జాతరలో యాత్రికులమను మాట కన్నులకు గట్టును. కుటుంబములు కుటుంబములుగా వచ్చి గుడారములు వేసికొని, దినములకొలది అచటనే వండుకొని తిని, రాత్రులు కూటములలో గూర్చుందురు. అమెరికా మెథడిస్టుల అడవి కూటముల పోలికయు, తెలంగాణపు జాతర పోలికయు దానిలో గలదు. బొమ్మల అంగళ్లును, పిల్లల ఊయలలును, కన్నీటి ప్రార్థనలును ఒకచోటనే. గుడారమే పరదేశివాసమునకు గురుతని బోధింపబడు చోట బంధువులందరు కలిసికొనుటచే, అది సంవత్సరమంతటిలో వారు అన్నిటికంటె నెక్కువగా తమ వారిమధ్య నుండు వారమగుచున్నది.

ఇరువదవ శతాబ్దమున రెండు స్వదేశీయోద్యమములు ఈ విశ్వాసమును తీవ్రము జేసినవి. పంజాబునందు సిక్కు కుటుంబమున 1903లో బుట్టి, కెనడాలో క్రీస్తు నంగీకరించి, పిదప హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను కేంద్రముగా పనిచేసి 2000 సెప్టెంబరులో గతించిన భక్తసింగుగారిది యొకటి. 1938లో రాజమహేంద్రవరమున లూథరను సంఘమును వీడి ముంగమూరి దేవదాసుగారు స్థాపించిన బైబిలు మిషను రెండవది. మొదటిదానిలో తెల్లని నిరాడంబర వస్త్రములు, నగలు లేని మెడలు, జీతము కోరని సేవకులు. రెండవదానిలో ప్రభువు రాకడకై పెండ్లికుమార్తెవలె సిద్ధపడు సంఘము. లోకమును గూర్చి కఠినముగా మాటలాడు భక్తసింగుగారి పరిశుద్ధ సమావేశములయందే, వేలకొలది జనులు కులము నడుగక చాపలమీద వరుసలుగా గూర్చుండి ప్రేమవిందు భుజించిరి. భూలోకమును సంస్కరింపవలెనని తీర్మానములు చేసిన సభలు ఎన్నియో ఆ యొక్క పంక్తిభోజనమును సాధింపలేదు. అయినను ఈ ధోరణిగల కొన్ని సంఘములలో రాజకీయము మైల, హక్కులకై పోరుట అవిశ్వాసము అను బోధయు ప్రబలెను. పౌలు ఫిలిప్పీలో చేసినపనిని వారి పిల్లలెవరైన పోలీసుఠాణాలో చేసినచో, పెద్దలు మందలించియుందురు.

ఈ లోపమును అందరికంటె సూటిగా పట్టినవాడు అంబేద్కరు. మతము మారినవారి స్థితిని గూర్చిన తన వ్యాసమున, అస్పృశ్యుని దురవస్థకు అతని పాపమే కారణమని బోధించి, దుష్టమైన సంఘవ్యవస్థను మార్చవలెనను పట్టుదలను మిషనరీలు అతనిలో కలిగింపరైరని అతడాక్షేపించెను. మార్క్సు 1844లో మతమును మత్తుమందనినదానికంటె ఇది లోతైన విమర్శ. ఏలయన అంబేద్కరు రోగిని దగ్గరనుండి చూచినవాడు. 1980ల నుండి అరవింద నిర్మల్ మొదలైనవారు నిర్మించిన దళిత వేదాంతము ఆ యాక్షేపణకు సంఘము లోపలినుండి వచ్చిన సమాధానము. అంతకు చాలముందే గుర్రం జాషువ, 1941 నాటి గబ్బిలములో, తన మొరను మోసికొని కాశీవిశ్వనాథుని యొద్దకు బొమ్మని ఒక గబ్బిలమును కోరెను. క్రైస్తవ కుటుంబమున బుట్టిన కవి ఆ దూతను పరలోకమునకు గాక భారతదేశపు గుళ్లమీదుగా పంపుట యాదృచ్ఛికమనుకొనను. ఫిర్యాదు ఈ దేశముమీదనే గనుక దానిని ఈ దేశముననే దాఖలు చేసినాడు.

ఇటీవల దూరదర్శనముల సువార్తలో మరియొక విపర్యయము గలదు. పరలోకమును వాయిదా వేయుట కిష్టములేని బోధకులు దానిని ఇల్లుగా, కారుగా, వీసాగా ఇచటికే దించుచున్నారు. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇచట మనకు నిలువరమైన పట్టణము లేదని పాడి, మిషను కాంపౌండు గోడలకై తరములు తరములు వ్యాజ్యమాడు పాత సంఘములవారును వీరిని పరిహసించు నధికారము కోల్పోయినారు.

భూమి ప్రశ్న మాత్రము పరిహాసమునకు తగదు. జహీరాబాదు చెంత పస్తాపురమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ అండతో దళిత స్త్రీలు సంఘములుగా గూడి, బీడుభూములను చిరుధాన్యముల పొలములుగా మార్చి, 2008లో మాచునూరునుండి తమ రేడియో నడుప మొదలిడిరి. అది చర్చిపని కాదు. చర్చి ఆ భూముల జోలికి ఎందుకు ముందుగా పోలేదని అడుగుట న్యాయమే. నేడు అదే సీమలో న్యాలకల్, ఝరాసంగము మండలములయందు పారిశ్రామిక మండలమునకై 12,635 ఎకరములు నిర్ణయింపబడగా, పొలము పోవువారికి ఆదివారపు బల్లమీదనుండి ఏమి చెప్పవలెను? బబులోను చెరలోనివారికి యిర్మీయా పంపిన పత్రిక, ఇండ్లు కట్టుకొని తోటలు నాటి యున్న పట్టణపు క్షేమమును వెదకుమని చెప్పును. అది యాత్రికుల పాటలకు విరుద్ధము కాదు. కాని తోటనే తీసికొనునపుడు ఏమి చేయవలెనో ఆ పత్రికలో లేదు, అది ఇచటి సంఘము తానై తేల్చుకొనవలసినది.

తుదకు చట్టము. 1950 ఆగస్టు 10వ తేదీ రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవుడైన మాదిగ, మాల కుటుంబమువాడు వెలుపలనే నిలిచెను. తెలుగు రాష్ట్రములలో అతనికి వెనుకబడిన తరగతులలోని ‘సి’ వర్గమున నూటికి ఒకటి వంతు మాత్రము దక్కినది. 1985లో సూసై వ్యాజ్యమున సుప్రీముకోర్టు, మతము మారిన తరువాతను అదే తీవ్రతతో వైకల్యము కొనసాగుచున్నదని రుజువు కావలెననెను. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఆ నిబంధనను తొలగింపుమనెను. 2022 అక్టోబరులో కేంద్రము బాలకృష్ణన్ కమిషనును నియమించెను. బాప్తిస్మమెత్తినవాడు కులమును విడిచి వేరు రాజ్యమునకు జెందినాడన్న మాటను ఈ దేశమున నక్షరాలా నమ్మినది సంఘము కాదు, రాజ్యాంగ యంత్రమే. పెండ్లి సంబంధముల వేళ సంఘమే దానిని మరచును. అందువలన పల్లెలలో నొకే మనుష్యునికి రెండు పేర్లు నడచుచున్నవి, చర్చి పుస్తకమున బైబిలు పేరు, బడి రికార్డునందు మరియొకటి. ఈ రెండవ పేరును కపటమనువారు కలరు. పిల్లవాని ఉపకారవేతనము ఆ కాగితముమీద నాధారపడియున్న తండ్రి మాత్రము తహసీలు కార్యాలయమున ధ్రువపత్రమునకై వరుసలో నిలుచుండి, ఆదివారమునాడు కీర్తనల పుస్తకము పట్టుకొని మరల చర్చికే వచ్చుచున్నాడు.